నేరేడుకి కొత్త పెట్టిన రోజు

మా పెరట్లో నేరేడు చెట్టు నాటింది మా చెల్లి. నాటడమంటే, పండు తిని గింజ ఊసింది, అంతే. మొలక కనబడగానే ఊరంతా చాటింపు వేసింది. నాకంటే ఏడాది చిన్నది. ఆ వానాకాలమే చలిజ్వరంతో చనిపోయింది.

అమ్మ ఏడవలేదు. మేకలు రాకుండా మొలక చుట్టూ ముళ్లకంప కట్టింది. దాని మొదలు దగ్గర పొయ్యి బూడిద చల్లింది. కొండ మీద ఎండ ఉండదని దిగువ వాళ్లు అనుకుంటారు గానీ, మా వాలులో వేసవికి లేత మొక్కలు మాడిపోతాయి. అందుకని కొండ కింద పారే గెడ్డ నుంచి సొరబుర్రతో నీళ్లు మోసేది. పోసి, అక్కడే కూర్చుని, సాయంత్రాలు చెల్లితో మాట్లాడినట్టే దాంతో మాట్లాడేది.

"బేగి రాయే గుంటా, అంబలి సల్లారిపోతంది."

పక్కనే నేనుండేదాన్ని. నా అంబలి ఎప్పుడో చల్లారిపోయి ఉండేది. ఒళ్లు మండేది, భయమూ వేసేది. గాలి లేకపోయినా ఆకులు కదిలినట్టుంటే ఇంట్లోకి పరిగెత్తేదాన్ని. అమ్మ వెనక్కి తిరిగి చూసేది కాదు. ఒక్కసారి నన్నూ అలా పిలుస్తుందేమోనని ఏళ్ల తరబడి కాచుకున్నాను.

సర్కారు మీద మా కొండవాళ్లు లేపిన పితూరీ సద్దుమణిగిన మరుసటి ఏడు చెట్టు మొదటిసారి పూసింది. తెల్లటి పూత, దాని నిండా తేనెటీగలు. తొలకరికి కాయలు నల్లబడ్డాయి. మా కొండల్లో కొత్తగా పండింది ఏదైనా ముందు చనిపోయినవాళ్లకి ఆకులో పెట్టి, ఒక్కొక్కరినీ పేరుతో పిలవాలి. దాన్నే కొత్త పెట్టడం అంటారు. అంతవరకూ ఎవరూ నోట పెట్టకూడదు. చిక్కుడు కొత్తకీ, సామ కొత్తకీ కూడా అమ్మ చెల్లి పేరు దాటేసేది.

ఈసారి ఊరి మంచిచెడ్డలు చూసే దిసారి ఊరుకోలేదు.

"నాటినోళ్లకి ఎట్టకుండా ఎలగే? పిలువు. ఆ గుంట పోనాది గదా."

ఆయన కాళ్లకి మొక్కాలనిపించింది. అమ్మ ఆ పేరు పిలిస్తే చెల్లి పోయినట్టే, అమ్మ నాకు దొరికినట్టే అనుకున్నాను.

అమ్మ చెట్టు కింద ఆకు పరిచి దోసెడు పళ్లు పోసింది. తాతని పిలిచింది. నాయనమ్మని పిలిచింది. తర్వాత, చనిపోయినవాళ్ల వరసలోనే, నా పేరు పిలిచింది.

అమ్మ ఒక పండు తీసుకుని నా వైపు తిరిగింది. అన్నేళ్ల తర్వాత నా మొహంలోకి చూసి నవ్వింది. చెల్లి పేరుతో పిలిచి, "దా, తిను" అంది.

ఆ చూపు కోసం ఎంత మొహం వాచి ఉన్నానో నాకే తెలుసు. నోరు తెరిచాను. అమ్మ బతికున్నంత కాలం ఆ పేరుకే పలికాను.