హవాయి చెప్పుల దొర

నా చిన్నప్పుడు మేము షార్జాలో ఉండేవాళ్ళం. మా అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు, మా నాన్న ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో డ్రైవరు. ఇద్దరిదీ కాకినాడ పక్క పల్లెటూరు. అమ్మ వీసా ఆసుపత్రి వాళ్ళది, నాన్న వీసా క్లబ్బు వాళ్ళది. ఆ తేడా ఎంత పెద్దదో ఆ ఏడే నాకు తెలిసొచ్చింది.

క్లబ్బు వాళ్ళు ఇంగ్లండు నుంచి ఒక కోచ్‌ని తెచ్చుకున్నారు. ఆయన అక్కడ ఒకప్పుడు పేరున్న ఆటగాడట. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక చిన్నా చితకా జట్లకి మేనేజరుగా చేసి, చివరికి మా ఎడారికి వచ్చి పడ్డాడు. ఎండకి ఎర్రగా కమిలిన మెడ, ఒక కాలు కాస్త ఈడుస్తూ నడక. నాన్న ఆయన్ని ‘దొర’ అనేవాడు. దొరని కారులో తిప్పడమే నాన్న పని. నేను కూడా కారులో ఉంటే దొర వెనక్కి తిరిగి నా జడ లాగి, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చూసేవాడు. నాకు ఆయనంటే చచ్చేంత ఇష్టం.

మొదట్లో దొర కూడా బూట్లు వేసుకుని కుర్రాళ్ళతో ఆడేవాడు. మోకాలు ఎలా ఉన్నా పెనాల్టీ కొడితే గోలే. అది చూసి కుర్రాళ్ళు వెర్రెత్తిపోయేవారు. ఆయనది ఎడమకాలి వాటం. కుడికాలి వాళ్ళు కూడా ఆయన నిలబడే చోటే నిలబడి, ఆయనలాగే వంకరగా పరుగెత్తుకొచ్చి, బంతిని ఎటో తన్నేవారు. ఒక కుర్రాడైతే ఆయన కుంటుడు కూడా నేర్చేసుకున్నాడు.

అది చూసి దొర ముందు కడుపుబ్బ నవ్వాడు. తర్వాత ఎందుకో ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మర్నాటి నుంచి మైదానానికి హవాయి చెప్పులు వేసుకుని రావడం మొదలుపెట్టాడు. అంత పెద్ద ఆటగాడు బాత్‌రూమ్‌కి వెళ్ళేవాడిలా రావడం క్లబ్బు ముదీర్‌కి, అంటే అక్కడి పెద్దాయనకి, మహా నామోషీగా ఉండేది. బూట్లుంటే కాలు ఆగదు, నేనే ఆడేస్తాను, వీళ్ళు నా కాళ్ళు చూస్తూ నిలబడిపోతారు అని దొర నాన్నతో అన్నాడట.

నాన్న ఆ మాట ఇంట్లో చెబితే అమ్మ, “బానే ఉందండీ మీ దొర సంబడం. అంతంత జీతమిచ్చి తెచ్చుకుంది చెప్పులేసుక్కూచోడానికేంటి?” అంది.

ఆ ఏడాది ఆటలు అంతంత మాత్రంగానే సాగాయి. ఆఖరి మ్యాచ్ గెలవకపోతే జట్టు కింది తరగతికి దిగిపోతుంది. గెలిస్తే సరే, లేకపోతే ఖలాస్ అని ముదీర్ దొరకి ముందే చెప్పేశాడు. దొర పోతే కొత్త కోచ్ తన డ్రైవరుని తెచ్చుకుంటాడు, పనితోపాటు క్లబ్బు వీసా కూడా పోయి నాన్న ఊరికి తిరిగి వెళ్ళిపోవాలి. ఆ వారమంతా అమ్మ ఇంటి ప్రార్థనలో ఫుట్‌బాల్‌ని కూడా చేర్చింది. నాన్న లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుని నేను స్నానాల గదిలో ఏడ్చేదాన్ని.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నాన్న నన్ను మ్యాచ్‌కి తీసుకెళ్ళాడు. దొర కూర్చునే బెంచీ వెనకే నిలబడ్డాం. ఆట ముగియబోతుండగా, ఇద్దరికీ గోల్స్ సమానంగా ఉన్నప్పుడు, మా వాళ్ళకి పెనాల్టీ దొరికింది. కొట్టడానికి కుంటుడు నేర్చుకున్న ఆ కుర్రాడే వచ్చాడు. బంతి పెట్టి, ఎటు కొట్టమంటావన్నట్టు బెంచీ వైపు చూశాడు.

నాన్న నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. “దొరకి తెల్సమ్మా. ఆ గోల్‌కీపరు ఎప్పుడూ కుడిపక్కకే దూకుతాడంట. పొద్దున్న కార్లో చెప్పేడు” అన్నాడు. దొర ఒక్కసారి చెయ్యి ఊపితే చాలు.

దొర లేచి నిలబడి, కుర్రాడికి వీపు పెట్టి మా వైపు తిరిగాడు.

అందుకని నేను ఆ పెనాల్టీ చూడలేదు, ఆయన ముఖమే చూశాను. రెండు చేతులూ చంకల్లో బిగించి, పళ్ళు కొరుకుతున్నాడు. ఊరుకోవడం అంత కష్టమైన పని అని నాకు అంతకుముందు తెలియదు. మరుక్షణం నాన్న ముఖం చూసి, గోల్ కాలేదని ఆయన గ్రహించాడు. కుర్రాడు గోల్‌కీపరు దూకిన పక్కకే కొట్టాడట. ఆట సమానంగానే ముగిశాక దొర చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళి, కూలబడిపోయిన కుర్రాడి పక్కన తనూ కూర్చున్నాడు.

తిరిగి వస్తుంటే నాన్న ఉండబట్టలేక, తనకొచ్చిన ఇంగ్లీషులో, ఎందుకు చెప్పలేదు సార్ అని అడిగాడు. దొర జవాబిచ్చాడు. చెబితే ఇవాళ గోల్ అయ్యేది, నేను వెళ్ళిపోయాక వాడు ఎవరి వైపు చూస్తాడు అన్నాడు. తర్వాత నాన్న భుజం మీద చెయ్యి వేసి, నీ గురించి ముదీర్‌తో మాట్లాడతానన్నాడు. మాట్లాడాడు కూడా. లాభం లేకపోయింది. దొర ఇంగ్లండు వెళ్ళిపోయాడు, నాన్న కాకినాడ వెళ్ళిపోయాడు.

నాన్నకి ఆ కోపం చాన్నాళ్ళు పోలేదు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీ వాళ్ళ వీసా దొరికి మళ్ళీ వచ్చాక, ఒక శుక్రవారం నన్ను మా పాత జట్టు ఆటకి తీసుకెళ్ళాడు. పెనాల్టీ వచ్చింది. ఆ కుర్రాడే. ఈసారి బెంచీ వైపు చూడలేదు. తిన్నగా నడిచొచ్చి, తన కుడికాలితో, తనకి తోచిన పక్కకి కొట్టాడు. గోలయింది. నాన్న అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, “దొర చూసుంటే బాగుణ్ణు” అని కళ్ళు తుడుచుకున్నాడు.

నేనూ అమ్మలాగే నర్సునయ్యాను. కొత్తగా చేరిన నర్సు పిల్లలు సూది పట్టుకుని తడబడుతుంటే, లాక్కుని నేనే పొడిచేద్దామా అని నా చెయ్యి ఎన్నిసార్లు లేచిందో, ఎన్నిసార్లు వెనక్కి లాక్కున్నానో. పోయిన నెల జ్వరమొచ్చి నేనే ఆసుపత్రిలో పడ్డాను. సెలైన్ పెట్టడానికి వచ్చిన పిల్లకి నా నరం దొరకలేదు. ఎక్కడుందో నాకు తెలుసు. రెండోసారీ తప్పేసరికి నొప్పి నషాళానికంటింది. పిల్ల చెమటలు కక్కుతూ నా ముఖంలోకి చూసింది.

“నాకేం తొందర లేదమ్మా, నెమ్మదిగా వెతుక్కో” అని చెయ్యి అలాగే చాచి ఉంచాను.