ఇస్త్రీపెట్టె ఆగిన చోటు

“ఆ ముసలాయన్ని రెండో పేజీలోనే ఎందుకు చంపావే? పాపం, నిన్నేం చేశాడు?”

“నా కథ, నా ముసలాయన. మీరు చదవండి, తీర్పులివ్వకండి!”

ఇస్త్రీ కొట్టు గుమ్మంలోనే అతను ఆగిపోయాడు. లోపల పిన్నీ బాబాయీ ఉప్పూ నిప్పులా ఉన్నారు.

కథలు రాస్తానని అతను కాలేజీ మానేసి ఏడాదైంది. రాయడం, మర్నాడు చదువుకుని “చెత్త” అని చింపడం, ఇదే వరస. ఆరు చించాడు. ఏడోది జేబులో ఉంది. దాన్నీ చింపేలోగా పిన్నికి చూపిద్దామని వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఇస్త్రీ చేస్తూ కథలు రాస్తున్న మనిషి, ఒక్క కాగితం చించి ఎరగదు.

“రారా, కూర్చో,” అని పిన్ని మళ్లీ పెట్టె అందుకుంది. బాబాయి ఆమె కథని పైకి చదవసాగాడు. కరెంటు బిల్లు చదివినట్టే చదువుతాడు. ఆమె చెయ్యి చకచకా సాగిపోతే ఆ పేరా పక్కన సున్నా చుడతాడు. చెయ్యి తనంతట తానే ఆగిపోతే టిక్కు పెడతాడు. విమర్శంటే అంతే.

ముసలాయన చావు చదివాడు. చెయ్యి ఆగలేదు. సున్నా. తర్వాతి పేరాలో మనవడు వచ్చి తాత కుర్చీని మడిచి గోడకి ఆనించాడు. అక్కడ చెయ్యి ఆగింది. మాడు వాసన వచ్చేదాకా ఆగింది.

“కాల్చేశావే!”

“కుర్చీ బాగుందండీ!” పిన్ని మొహం వెలిగిపోయింది. “చావు రెండు వాక్యాలకి కుదిద్దాం.”

“చొక్కా ఎవరిది?” అతను కంగారుపడ్డాడు.

“నాదే,” అన్నాడు బాబాయి. “కథ వినేటప్పుడు ఊళ్లోవాళ్ల బట్టలు ముట్టుకోదుగా! నా చొక్కాల మీద మాడు మచ్చలు లెక్కపెట్టు, ఈవిడ మంచి కథలెన్నో తెలుస్తుంది.”

అతను నవ్వలేదు. “అన్ని సున్నాలు చూస్తే సిగ్గనిపించదా పిన్నీ?”

“ముడత పడిందని గుడ్డని తిడతామట్రా? నీళ్లు చల్లి ఇంకోసారి తోస్తాం. నువ్వు ముడత పడ్డ ప్రతిదాన్నీ పొయ్యిలో పెడతావు.”

అతనికి చురుక్కుమంది. చెయ్యి జేబు మీదికి పోయింది. పిన్ని చూడనే చూసింది. మూటలోంచి తెల్ల చొక్కా తీసి బల్ల మీద పరిచి, పెట్టె అందుకుంది.

“మీ బాబాయికి మచ్చ పడనిది ఇదొక్కటే మిగిలింది. ఆ కాగితాలు తియ్యి. మధ్యలో ‘చెత్త’ అనకుండా, ఒక్కసారి చివరిదాకా చదువు నాన్నా.”