అరవై నిమిషాల ఆట

బుకిట్ బటోక్‌లో ఆరో అంతస్తు ఫ్లాట్. అందులో ముగ్గురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, ఒక వంటవాడు. వంటవాణ్ణి నేనే. వాళ్ల సర్టిఫికెట్లు పరిస్తే హాలు నిండేది. ఎనిమిదో తరగతిలో బడికి దండం పెట్టిన నాకు గరిటె ఒక్కటే సర్టిఫికెట్. లిటిల్ ఇండియాలో ఒక హోటల్లో దోసెలు పోసేవాణ్ణి. సెలవు రోజున వీళ్లకి పప్పూ కూరా వండిపెట్టి, ముగ్గురినీ కాసేపు ఏడిపించి, ఆ సరదాతో వారమంతా లాక్కొచ్చేవాణ్ణి.

ముగ్గురిలో చిన్నవాడు మా తెనాలి వైపు కుర్రాడు. నన్ను అన్నాయ్ అనేవాడు. అమ్మానాన్నా చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. మిషన్ కుట్టి ఇంజనీరింగ్ దాకా చదివించింది. వాడు సింగపూర్ వచ్చిన ఏడాదికి ఆమె పోయింది. వాడు ఊరు చేరేసరికి చిన్నదినం కూడా అయిపోయింది. ఫొటో అంటే పారిపోయే మనిషి కనక, రేషన్ కార్డు మీద మసిబారిన బొమ్మ ఒకటీ, ఒక వీడియో కేసెట్టూ మిగిలాయి. ఎవరో చుట్టాల పెళ్లి అది. భోజనాల బంతిలో పులుసు బకెట్టుతో ఆమె నాలుగు నిమిషాలు కనబడుతుంది. వీడియో అబ్బాయితో ఒక మాట అంటుంది. అంతే. ఊళ్లో ఉన్న రెండో కాపీ బూజు పట్టి పోయింది. ప్రతి ఆదివారం వాడు ఆ నాలుగు నిమిషాలూ పెట్టుకు చూసేవాడు. వీసీఆర్ కౌంటర్‌లో నలభై ఏడో నిమిషం. పక్కన కూర్చునే నాకూ బట్టీ వచ్చేసింది. దాని మీద ఇంకేదీ రికార్డు కాకుండా కేసెట్ వెనకనుండే చిన్న ప్లాస్టిక్ పలకను వాడే విరిచేశాడు.

సంవత్సరం అంకె మారితే కంప్యూటర్లన్నీ మతి తప్పుతాయని లోకం బెదిరిపోయిన రోజులవి. వాడి ఆఫీసుకు కొత్తగా ఒక అమెరికన్ మేనేజరు వచ్చాడు. నేను దొర అనేవాణ్ణి. ఆ గండం గడిచాక నలుగురు కాంట్రాక్టు కుర్రాళ్లలో దొర ఒక్కణ్ణే ఉంచుకుంటాడని అందరికీ తెలుసు. మిగతావాళ్లని ఈ దేశంలో ఉండనిచ్చే పాసులు ప్రాజెక్టుతోపాటే ముగుస్తాయి. పాసు ముగిస్తే పెట్టె సర్దుకోవడమే.

దొర చదివిన కాలేజీకి జనవరి ఒకటి రాత్రి అమెరికాలో పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ పడింది, బంతిని చేత్తో పట్టుకు పరిగెత్తే వాళ్ల రకం. మనకి రెండో తేదీ, ఆదివారం పొద్దున. ఆ రోజంతా దొరా ఆ నలుగురూ ఆఫీసులో కంప్యూటర్లకు కాపలా, మా ఫ్లాట్‌లో మిగతా ఇద్దరూ వాళ్ల ఆఫీసుల్లో అంతే. దొర సామాను ఇంకా ఓడలోనే ఉంది, ఇంట్లో టీవీ లేదు. మా ఫ్లాట్‌లో కేబుల్ ఉందని మావాడు అందరికన్నా ముందు చెయ్యెత్తాడు.

"మొదటి ఈల నుంచి చివరి ఈల దాకా కావాలట అన్నాయ్. తను చూసేదాకా స్కోరు ఎవరూ చెప్పకూడదట."

"ఎంతసేపు ఆట?"

"అరవై నిమిషాలు. నాలుగు పదిహేన్లు."

"నేను తెచ్చింది మూడు గంటల కేసెట్ రా. మిగిలిన రెండు గంటల్లో నా జీవిత చరిత్ర ఎక్కిస్తా."

"ఎక్కించు. ఖాళీగానే ఉంటుంది."

ఆదివారం తొమ్మిదిన్నరకి బటన్ నొక్కి పప్పు కడిగాను. తెర మీద రెండు జట్ల పేర్ల పక్కనా రెండు అంకెలున్నాయి. ఆట మొదలవకముందే స్కోరేమిటా అనుకున్నాను. తరవాత అర్థమైంది, అవి దేశం మొత్తంలో వాళ్ల ర్యాంకులు. ఇక్కడా ర్యాంకులేనా అని టీవీని తిట్టాను. ఆడటం నాలుగు సెకన్లు, గుమిగూడి మంతనాలాడటం నలభై సెకన్లు. పల్లెలో పొలం గట్టు తగువు కూడా ఇంతకన్నా వేగంగా తెగుతుంది. గడియారం కాసేపు నడిచి ఆగుతుంది. మధ్యలో అరగంట పాటు కాలేజీ బ్యాండు మేళం. దాన్ని కూడా ఒక్క క్షణం పోకుండా రికార్డు చేశాను, దొర చదివిన బడి కదా అని.

పన్నెండున్నరకి నేను తాలింపు వేస్తుంటే హాల్లో టక్కుమని చప్పుడు. కేసెట్ నిండిపోయి, తనంతట తనే వెనక్కి తిరుగుతోంది. తెర మీద స్కోరు సమానం. ఆఖరి పదిహేనులో ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి.

అద్దె సినిమాలు ముందురోజే తిరిగిచ్చేశాను. కేసెట్లమ్మే షాపుకి పోయి రావాలంటే అరగంట. ఇంట్లో ఇంకొక్కటే ఉంది.

తొమ్మిది నిమిషాలు. ఆటలో ఆగడాలు లెక్కేసినా ఇరవై అనుకున్నాను. ఆమె నలభై ఏడులో; అది గంట కేసెట్, ఆమె తరవాత మిగిలేది తొమ్మిది నిమిషాలే. మొదట్లో ఉన్నది పందిరీ, బాజాలూ, ఎవరెవరో ముసలాళ్లూ. పోతే పోయారు. వాడు విరిచిన పలక చోట సెలోటేప్ అంటించి కేసెట్ తోశాను. తెలివైన పని చేస్తున్నాననే ఉంది.

ఇరవై నిమిషాలకి ఇంకా మూడు నిమిషాల ఆట మిగిలింది. గడియారం ఆపమని ఒకడు, ప్రకటన ఒకటి, కాలు పట్టుకుని పడ్డవాడు ఒకడు. కౌంటర్ ముప్పై ఒకటికి వచ్చేసరికి ఆట అయిపోయింది. స్కోరు మళ్లీ సమానం. అదనపు ఆట ఉందట, చెరో అవకాశం. ఇది చరిత్రలో నిలిచిపోయే మ్యాచ్ అని కామెంటరీ వాళ్లు గొంతు చించుకుంటున్నారు. చరిత్ర నేను బళ్లో తప్పిన సబ్జెక్టు.

ముప్పై ఆరు దగ్గర ఆఫీసుకు ఫోన్ చేశాను.

"ఒరేయ్, దొర పక్కనున్నాడా?"

"ఎదురుగా ఉన్నాడు. స్కోరు చెప్పకు అన్నాయ్, నా మొహంలో తెలిసిపోతుంది."

"స్కోరు కాదు. కేసెట్ నిండిపోయింది. అక్క కేసెట్ పెట్టాను."

అవతల కీబోర్డుల చప్పుడు వినిపించింది.

"ఎంత దాకా వచ్చింది?"

"ముప్పై ఏడు. ఆట ఇంకా ఉంది. ఆపేస్తాను రా. కరెంటు పోయిందని చెప్పు."

"సింగపూర్‌లో కరెంటు పోయిందంటే నమ్ముతాడా?"

"నన్ను తిట్టు. వంటవాడు పాడుచేశాడను."

వాడు తిట్టలేదు. వెనక దొర ఏదో అడిగాడు, వీడు ఇంగ్లీషులో అంతా బానే ఉంది సార్ అన్నాడు. తరవాత నాతో, చాలా మామూలుగా, "చివరి దాకా కావాలన్నాడు కదా. కానియ్" అని పెట్టేశాడు.

వీసీఆర్ ముందు కింద కూర్చున్నాను. మొదటి జట్టు గీత దాటింది. రెండో జట్టూ దాటింది. మళ్లీ మొదలు. నలభై నాలుగు. ఎవరు గెలిచినా ఫరవాలేదు, ఎవడో ఒకడు బంతి జారవిడవండ్రా అని దండం పెట్టాను. నలభై ఏడు వచ్చింది. వెళ్లింది. నా వేలు స్టాప్ బటన్ మీదే ఉంది. యాభై నిండబోతుండగా ఒక కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, ఒళ్లోకి వచ్చిన బంతిని వదిలేసి గడ్డి మీద బోర్లా పడ్డాడు. నేను నొక్కాను. దొర కాలేజీ గెలిచింది.

రెండు కేసెట్లూ దొరకి చేరాయి. గురువారానికి మావాణ్ణి ఉంచుకున్నట్టు కాగితం వచ్చింది. ఆ జాబితా కొత్త సంవత్సరానికి వారం ముందే పై ఆఫీసుకు వెళ్లిపోయిందని కాగితం మీది తేదీ చూశాక తెలిసింది. నాకు ఇంకో తెలివి కూడా ఆలస్యంగా వచ్చింది. మొదటి కేసెట్‌లో అరగంట బ్యాండు మేళం ఉంది. ఆ తొమ్మిది నిమిషాల ఆటలో చాలాభాగం దాని మీదే ఎక్కించేయొచ్చు. ఆ సంగతి వాడికి నేను చెప్పలేదు. వాడికీ తోచే ఉంటుంది.

దొర కేసెట్లు తిరిగిచ్చాడు. ఆట గొప్పగా ఉందన్నాడట, చివర్లో పెళ్లి కూడా బాగుందన్నాడట. ఆ ఆదివారం వాడు రెండో కేసెట్ పెట్టాడు. గడ్డి మీద పడ్డ కుర్రాడు, ఒక గీత, వెంటనే అరిటాకులు. ఆమె అప్పటికే తిరిగిపోతోంది. వీపు, కొంగు నడుముకి దోపిన ముడి, బకెట్టు. బంతి చివరి దాకా నడిచి పందిరి గుంజ చాటుకు పోయింది.

వాడు వెనక్కి తిప్పి ఇంకోసారి చూశాడు. తరవాత ఆపేసి, "వీడియో అబ్బాయితో ఏమంది అన్నాయ్?" అన్నాడు.

"నన్నెందుకు నాయనా, పెళ్లికూతుర్ని తియ్యి అంది."

"నాయనా అనలేదు. అబ్బాయ్ అంది."

"నాయనా అనే అంది రా. అన్ని ఆదివారాలు చూశాను."

"పెళ్లికూతుర్ని అని కూడా అనలేదనుకుంటా. వాళ్లని తియ్యి అంది. చెయ్యి ఇలా చూపించి." చెయ్యి ఎత్తాడు. కుడిదో ఎడమదో తేలక రెండూ మార్చి చూశాడు.

ఎప్పుడూ నాతో ఏ వాదంలోనూ తగ్గనివాడు, ఉప్పు సరిపోయిందా లేదా అన్నదానికే గంట వాదించేవాడు, చెయ్యి దించేసి "నువ్వన్నదే అయ్యుంటుందిలే" అన్నాడు. నాకు అప్పటికే నేనన్న మాట మీద నమ్మకం పోయింది.