మందుగుండు గుట్ట మీద పాత పైపు

మూడు టన్నుల లారీ దేవరకొండ దాటాక మట్టిబాట మీద చాలాసేపు కుదిపి, మిట్టమధ్యాహ్నం మమ్మల్ని ఒక గుట్ట కింద దింపింది. చైనా యుద్ధం అయిన తర్వాత వచ్చిన ఎండాకాలం. గుట్టకు పేరు లేదు. మ్యాపులో ఒక అంకె ఉంది, అంతే. పైన మూడు రేకుల షెడ్లు. వాటి చుట్టూ ఇసుక బస్తాలు, ఆ చుట్టూ ముళ్లతీగ. షెడ్లలో ఫిరంగి గుండ్ల పెట్టెలు. పడమర తీగ లోపల, గడ్డి గీకిన చోట వంటషెడ్డు, అందులో ఒక వంటాయన. తీగకు అవతల నడుముదాకా ఎండుగడ్డి, బండరాళ్లు, సీతాఫలం పొదలు. గాలి పడమర నుంచి. పొద్దంతా ఆగదు.

నేను అడిగింది బార్డరు. ఇచ్చింది మా కట్టంగూరు నుంచి బస్సెక్కితే ఒక పూటలో చేరే చోట కాపలా. ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు, "ఏ బార్డర్ల చేసినవే?" అని. దేవరకొండ దిక్కు అంటే నవ్వుతారు. అందుకే ఇది చెబుతున్నాను.

మా గార్డు కమాండరు ఒక హవల్దారు. గుంటూరు వైపు మనిషి. ఇంట్లో పొగాకు పండిస్తారు, తాను మాత్రం ముట్టడు. లారీ దిగగానే మమ్మల్ని వరసలో నిలబెట్టాడు.

"వంటపొయ్యి తప్ప తీగ లోపల నిప్పు లేదు. అగ్గిపెట్టె, బీడీ, అన్నీ ఈ పెట్టెలో పడాలి. డ్యూటీ దిగాక తీసుకుని బయట కాల్చుకోండి. అర్థమైందా?"

నేను జేబులోంచి పైపు తీసి పెట్టెలో వేశాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు.

"దొరలు తాగే పైపు నీకెక్కడిదిరా?"

"జుమేరాత్ బజార్ల కొన్న సాబ్. పాతది."

సెలవులో హైదరాబాద్ వెళ్లినప్పుడు కొన్నాను. పాత గడియారాలు, తలుపు బందులు పరిచిన గోనె మీద పడి ఉంది. గట్టి ఎర్రకట్టె గిన్నె, నల్లటి కాడ. కాడ మీద ఎవరిదో పంటిగాటు. కొత్త పైపు నా జీతానికి అందదు, ఇది రెండు సిగరెట్ డబ్బాల ధరకే వచ్చింది. గిన్నె లోపల పేరుకున్న బొగ్గును చాకుతో గీకాను. పాత వాసన పోయేందుకు ఉప్పు నింపి, నా వంతు రమ్ము నాలుగు చుక్కలు పోసి ఆరబెట్టాను. వదులైన కాడకు నారాయణపేట నేతవాళ్లింటి సిపాయి ఒకడు పట్టుదారం చుట్టి ఇచ్చాడు. అప్పుడు అది నాదయింది. పంటిగాటు మాత్రం వేరేవాడిదే. నా పళ్లు రోజూ ఆ గాటులోనే వెళ్లి కూర్చునేవి.

పైపు ఒకసారి తాగాక ఒక రోజు ఆరాలి. వరసగా తాగితే చేదెక్కుతుంది. రెండోది కొనే స్తోమత లేదు. మక్కకంకి బెండు తొలిచి, సన్న వెదురుపుల్ల గుచ్చి ఇంకొకటి చేసుకున్నాను. ఒకరోజు కట్టెది, ఒకరోజు బెండుది. పొగాకు సంతలో దొరికే నాటు ఆకే. బెల్లం నీళ్లు చిలకరించి, నలిపి, బూటుపాలిష్ డబ్బాలో పెట్టేవాణ్ని. ఎంత కడిగినా పాలిష్ వాసన పోలేదు.

"అది పొగాకు కాదురా, పశువుల మేత," అనేవాడు హవల్దారు.

కాపలాలో నా కాళ్లు ఒకచోట నిలవలేదు. పడమర తీగ నుంచి తూర్పు తీగకు, అక్కడి నుంచి మళ్లీ పడమరకు. మిగతావాళ్లు బార్డరులో మంచు మధ్య ఉన్నారు, నేను పెట్టెలకు కాపలా. బార్డరుకు పంపమని అడిగినప్పుడల్లా హవల్దారు ఒకటే మాట, "పైనుంచి జవాబు రాలేదు." చివరికి ఆయనే విసిగిపోయాడు.

"నిన్ను చూస్తే నాకు కళ్లు తిరుగుతున్నాయిరా. ఖాళీ పైపు నోట్లో పెట్టుకో. అగ్గిపెట్టె మాత్రం నా దగ్గరే."

అలా చల్లటి పైపు కొరుకుతూ తిరిగేవాణ్ని. తూర్పు తీగ పక్కన బండ నీడలో ఎల్లవ్వ అని ఒక ముసలామె మేకలను ఆపుకునేది. తీగ వేయకముందు ఆ గడ్డి అంతా వాళ్ల మందలదే. చుట్ట తాగుతూ నన్నే చూసేది.

"ఏం బిడ్డా, గా మొద్దు నోట్ల పెట్టుకున్నవ్, పొగ రాదేంది?"

"నిప్పు పెట్టొద్దన్నరు అవ్వా."

"మరెందుకు పెట్టుకున్నవ్?"

"ఊకె ఉండలేక."

"బార్డర్‌కు పోత అంటున్నవట. ఆడ ఏమున్నది?"

"ఈడ ఏమున్నది?"

"నా మేకలు లేవా?" అని నవ్వింది.

డ్యూటీ దిగాక ఒకసారి ముట్టించిన పైపు ఇచ్చాను. ఒక్క దమ్ము లాగి తిరిగి ఇచ్చేసింది. "చల్లగున్నది. గిదేం పొగరా," అంది.

వైశాఖంలో ఒక రోజు. ఎండ నెత్తి మీద ఉంది. నేను తూర్పు నుంచి వెనక్కి తిరిగేసరికి పడమర తీగ అవతల పొగ. పోస్టులోకి ఉరికి ఫోను తిప్పాను.

"గార్డ్ టెంటా? రెండో పోస్టు నుంచి."

"చెప్పు," అన్నాడు హవల్దారు.

"పడమర పొగ సాబ్. తీగ అవతల."

"ఎంత?"

"మంట కనబడ్తాంది."

"అక్కడే ఉండు. వస్తున్నా."

నీళ్ల ట్యాంకరు దేవరకొండ పోయింది. వంటనీళ్లలో గోనెసంచులు తడిపి మంటను కొట్టాం. గాలి మా మీదికే. హవల్దారు అందరికంటే ముందున్నాడు. ఆయన చొక్కా వీపు మీద రవ్వలు పడి చిల్లులు పడింది. కిందినుంచి ఎల్లవ్వ, నలుగురు మేకలకాపరులు ఉరికి వచ్చారు. గొంగళ్లు తడిపి వాళ్లూ కొట్టారు. కాలిన ఉన్ని కంపు ముక్కులో దిగింది. మంట తీగ దాటింది. ఇసుక బస్తాలకు పది గజాల దూరంలో చచ్చింది. నా కనుబొమ్మలు లేవు.

కెప్టెను జీపులో వచ్చాడు. మొదటి ప్రశ్న నాకే, పైపు ఎక్కడ అని. జేబులోని ఖాళీ పైపు తీసి చూపించాను. హవల్దారు పెట్టె తెరిచాడు. బెండు పైపూ, అగ్గిపెట్టే అందులోనే ఉన్నాయి. తర్వాత కెప్టెను చూపు ఎల్లవ్వ కొంగుమూటలోని చుట్టల మీద పడింది. ఆమెను టెంటు ముందు ఎండలో కూర్చోబెట్టి పోలీసులకు కబురు పంపమన్నాడు.

"సార్, ఆమె తూర్పున ఉంది. నేను చూశాను," అన్నాను.

"మంట లేచింది పడమర. కాపలావాడివి, నీ కళ్లు తూర్పున ఏం చేస్తున్నాయి?"

పోస్టుకు పొమ్మని చేత్తో చూపించాడు.

డ్యూటీ దిగి బయటి బండ మీద కూర్చున్నాను. పైపు సగం తాగి వదిలేశాను. గిన్నెలో తెల్లటి బూడిద. చల్లారిందనుకుని బొటనవేలితో నొక్కాను. చురుక్కుమంది. కింద నిప్పు అలాగే ఉంది.

వేలు నోట్లో పెట్టుకుని అటే చూశాను. పడమర తీగ అవతల, మా వంటషెడ్డుకు ఎదురుగా, బూడిద కుప్ప. లేచి వెళ్లి కట్టెతో గెలికాను. పైన నిన్నటి బూడిద. లోపల ఎర్రటి నిప్పు. కాలిన నేల ఆ కుప్ప దగ్గర సన్నగా మొదలై విసనకర్రలా విచ్చుకుంది.

హవల్దారు దగ్గరికి పోయాను. "జర రాండ్రి సాబ్."

ఆయన వచ్చాడు. కుప్పను చూశాడు. నా చేతిలోని కట్టె తీసుకుని తానూ గెలికాడు.

"తీగ లోపల నిప్పు ఉండకూడదని, బూడిద బయట పోయమన్నాను," అన్నాడు. "నేనే."

"వంటాయన సూస్కోకుండ పోసిండని చెప్దాం సాబ్. మీ పేరెందుకు? మీకు ప్రమోషన్ ఉన్నది గద."

"పోసింది వాడు. పోయమన్నది నేను." తీగ వైపు చూశాడు. "ఆ ముసలామెకి నీళ్లిచ్చారా?"

"లేదు సాబ్."

"ముందు నీళ్లివ్వు పో."

నీళ్లు ఇస్తుండగా ఆయన కెప్టెను కూర్చున్న టెంటు వైపు నడిచాడు. కాసేపటికి ఎల్లవ్వను పొమ్మన్నారు. క్షమించమని ఎవరూ అనలేదు. మోకాలు పట్టుకుని లేచింది. "నా మేకలు ఏ దిక్కు పోయినయో," అంటూ గుట్ట దిగింది. మర్నాటి నుంచి ఆమె వేరే గుట్టకు తోలుకుపోయింది. నేను తూర్పు తీగ దగ్గర నిలబడి ఎంత చూసినా ఆ బండ ఖాళీగానే ఉండేది.

హవల్దారును ఆ వారంలోనే బెటాలియన్‌కు పిలిచారు. లారీ ఎక్కుతూ నాతో ఒక్క మాటే అన్నాడు, "కుదురుగా ఉండరా." ఆయన హవల్దారుగానే రిటైరయ్యాడని తర్వాత విన్నాను.

వానలు పడ్డాక నాకు బార్డరు ఆర్డరు వచ్చింది. వెళ్లాను. మంచు చూశాను. అక్కడ కూడా కాళ్లు నిలవలేదు. పైపు నోట్లోనే ఉండేది. సర్వీసు ముగిసి ట్రంకుపెట్టెతో కట్టంగూరులో బస్సు దిగినప్పుడు మా బాపు అడిగాడు, "గన్ని ఏండ్లల్ల ఏం జూసినవ్ రా?"

ఆయనకు మంచు సంగతి చెప్పాను. కళ్లలో ఉన్నది అది కాదు.

ఆ రోజు ఎల్లవ్వ దోసిట్లో నీళ్లు పోస్తూ తల తిప్పి చూశాను. హవల్దారు కెప్టెను టెంటు ముందు ఆగాడు. వీపంతా చిల్లులు. ముఖమంతా మసి. మెడ దగ్గరి గుండీ పెట్టుకున్నాడు. కిందికి చూశాడు. బూట్ల మీద బూడిద. కుడి బూటు ముక్కును ఎడమ పిక్క వెనక రుద్దాడు. ఎడమ బూటును కుడి పిక్క వెనక రుద్దాడు. రెండూ మెరిశాక, తల వంచి లోపలికి వెళ్లాడు.