ఆగే బండి

మా బాబాయి దేనికైనా వంక పెట్టందే ఊరుకోడు. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. అద్దె ఇల్లు చూపిస్తే గోడలు వంకరంటాడు. గోడలు తిన్నగా ఉంటే ఇంటివాడు వంకరంటాడు.

అలాంటి మనిషి కారు కొనాల్సి వచ్చింది. పిన్నికి వెన్నెముక ఆపరేషన్ అయింది. మళ్ళీ బాగా నడవాలంటే వారం వారం ఎక్కడో దూరాన ఉన్న పట్నం ఆసుపత్రిలో వ్యాయామాలు చేయాలి. పాత కారులో దారి పొడవునా నొప్పిని పళ్ళబిగువున భరించేది గాని, కాసేపు ఆపమని అడిగేది కాదు. తన వల్ల ఎవరికైనా ఆలస్యమైతే ఆవిడకు తల కొట్టేసినట్టుంటుంది.

"ఆపనా?" అనేవాడు బాబాయి.

"నాకేం, బానే ఉన్నా. పోనివ్వండి."

చివరికి ఒకరోజు "ఇక నేను రాను" అని మంచం దిగలేదు. ఇంట్లో అందరికీ గుబులు పుట్టింది. బాబాయి నన్ను వెంటేసుకుని షోరూముల చుట్టూ తిరిగాడు.

పెట్రోలు కారు చూపించారు. "వాసన. పైగా ఆ ఇంజను వణుకు ఆవిడ నడుం తట్టుకుంటుందా?"

హైబ్రిడ్ చూపించారు. పెట్రోలూ కరెంటూ రెండూ ఉన్నాయి, మైలేజీ బాగుంటుందన్నారు. "రెండు పడవల మీద కాళ్ళు. ఇంజనుకూ బ్యాటరీకీ ఇద్దరికీ సేవ చేయాలి."

ఎలక్ట్రిక్ కారుకు వాసన లేదు, చప్పుడు లేదు. నాకు ఆశ పుట్టింది. సేల్స్‌మాన్ మాత్రం నిజం చెప్పాడు. "ఈ చిన్న బ్యాటరీతో ఆసుపత్రి దాకా వెళ్ళలేరండీ. దారిలో ఛార్జింగ్ పెట్టుకోవాలి. పెద్ద బ్యాటరీది తీసుకోండి."

"అది ఆగకుండా వెళ్తుందా?"

"వెళ్తుందండీ."

"అదే దాని లోపం" అని చిన్నదే కొన్నాడు బాబాయి. ఏరి ఏరి వంకరదే తెచ్చాడని చుట్టాలంతా నవ్వారు.

"ఒక్కసారి ఎక్కు. లోపాలు నువ్వే చెబుదువుగాని" అని పిన్నిని బయల్దేరదీశాడు. సగం దారిలో ఛార్జింగ్ స్టేషన్ దగ్గర బండి ఆపి, "ఏం బండో, ఛార్జింగ్ అయిపోవచ్చింది" అని విసుక్కున్నాడు. పిన్ని దిగి, నా భుజం పట్టుకుని నాలుగడుగులు వేసి, బెంచీ మీద నడుం వాల్చింది. ఆవిడ చెల్లెలు ఫోన్ చేస్తే "ఆలస్యం నా వల్ల కాదే, బండి వల్ల" అంది. ఆ గొంతులో నిశ్చింత విని నాకు కళ్ళు చెమర్చాయి.

గంట దాటాక బండి తెర చూశాను. ఛార్జింగ్ ఎప్పుడో నిండిపోయింది.

"ఇంకా ఎక్కలేదు. దిక్కుమాలిన బండి" అన్నాడు బాబాయి గంభీరంగా, తెరకు అడ్డం నిలబడి.

పిన్ని కళ్ళు తెరవలేదు.

"పాపం, దాన్నేం అనకండి. నెమ్మదిగా ఎక్కనివ్వండి" అంది.