ఆముదం పోసిన మౌంటింగు

నాయన కంటికి రాయవేలూరులో ఆపరేషన్ అయినప్పుడు నాకు తిరుపతిలో, రేణిగుంట రోడ్డు మీద, చిన్న కార్ల షెడ్డు ఉండేది. ఎనభైల మొదటి రోజులు. ఇంటికి తీసుకుపోవచ్చుగానీ తల అదరకూడదని డాక్టరు చెప్పారు. మాకు దొరికే బండి ఒక్కటే, నా స్నేహితుడి టాక్సీ. పెట్రోలు ఇంజిన్ తీసేసి డీజిలు ఇంజిన్ ఎక్కించిన కారు అది. ఊరికే నిలబడి ఉన్నా లోపల కూర్చున్నవాళ్ల పళ్లు టకటకలాడేవి.

అంతకు ముందు ఏడాది కొండకు వచ్చిన ఒక విదేశీ కారు నా షెడ్డులో ఆగింది. ఇంజిన్‌ను మోసే రబ్బరు మౌంటింగు పగిలి, లోపలి నుంచి ఏదో ద్రవం కారుతోంది. పాతదాన్ని కోసి చూశాను. లోపల రెండు గదులు, మధ్య సన్నని రంధ్రం. ఇంజిన్ అదిరినప్పుడల్లా ద్రవం ఇరుక్కుంటూ ఈ గదిలోంచి ఆ గదిలోకి పోతుంది. అదురు అందులోనే అణిగిపోతుంది.

అలాంటిది నేనే చేయాలనుకున్నాను. రెండు మందపాటి రబ్బరు గిన్నెలు, నడుమ ఇనుప పలక, రంధ్రాన్ని బిగించడానికీ వదులు చేయడానికీ పక్కన ఒక స్క్రూ. మొదట ఇంజిన్ ఆయిల్ పోస్తే మూడు రోజులకే రబ్బరు ఉబ్బిపోయింది. అది చూసి నా భార్య ఇంట్లోని ఆముదం సీసా తెచ్చిచ్చింది. ఆముదానికి రబ్బరు చెక్కుచెదరలేదు.

అలాంటివి రెండు చేసి టాక్సీ ఇంజిన్ కింద చెరోవైపు బిగించాను. బానెట్ మీద గ్లాసుతో నీళ్లు పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా స్క్రూలు కొంచెం కొంచెం తిప్పుతూ పోయాను. ఒకచోట నీళ్ల మీది ముడతలన్నీ పోయి, అందులో ఆకాశం కదలకుండా నిలిచింది. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

తిరుగు ప్రయాణంలో స్నేహితుడు బండి నడిపాడు. కట్టు కట్టిన నాయన తల నా ఒళ్లో ఉంది. చిత్తూరు దాటాక బెల్లం వండుతున్న వాసన గాలిలో తేలి వచ్చింది.

"ఏమప్పా, ఇంజిన్ ఆపేసినారా?" అన్నాడు నాయన.

"లేదు నాయనా, పోతానే ఉండాం."

ముప్పై ఏళ్లు ఘాట్ రోడ్డు బస్సు నడిపిన మనిషి. చెవి ఒగ్గి ఇంజిన్ చప్పుడు విన్నాడు. తర్వాత నిద్రలో మాట్లాడినట్టు నెమ్మదిగా అన్నాడు.

"నువ్వు పుట్టినప్పుడు నిన్ను ఎత్తుకోలేదని మీ అమ్మకు శానా కోపం. బస్సు దిగినాక కూడా చేతుల్లో ఆ అదురు పొయ్యేది కాదు. యాడ జార్చేస్తానో అని బయమేసేది."

బయట మామిడితోటలు చప్పుడు లేకుండా వెనక్కి జారిపోతున్నాయి. ఆయన నుదుటి మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాను.

చంద్రగిరి దగ్గర ఎడమవైపు మౌంటింగు పగిలింది. బండి మళ్లీ పాత వణుకు అందుకుంది. స్నేహితుడు వేగం బాగా తగ్గించాడు, నేను నాయన తలను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. అలాగే ఇల్లు చేరాం.

తర్వాత అలాంటివి మరో నాలుగైదు చేశాను. ఏదీ రెండు నెలలకు మించి నిలవలేదు. నాయన కన్ను మాత్రం బాగుపడింది. మందపాటి అద్దాలు పెట్టుకుని షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే బస్సుల బోర్డులు పైకి చదివేవాడు.