హీరోయిన్‌కు అక్క వేషం వేసినామె

పొద్దున ఫోన్‌లో ఒక పాత హాలీవుడ్ సినిమా కనిపించింది. అందులో హీరోయిన్‌కు అక్క వేషం వేసినామెకు పెద్దగ పేరేం రాలే. నాకైతే ఆమెను మించిన నటి లేదు.

పినపాకలో మేం ఖాలా అని పిలిచే పక్కింటి పిన్ని వాళ్ల బ్లాక్ అండ్ వైట్ టీవీలో చూసిన ఆమెను. చెక్క తలుపులు జరిపి తెరిచే టీవీ, మీకూ యాదికున్నదా?

నాన్న పోయిన ఏడాది అది. అమ్మ మా ముందు ఒక్కసారి కూడా ఏడ్వలే. ఒక ఆదివారం ఈ సినిమా వస్తున్నదని ఖాలా పిలిస్తే అమ్మా నేనూ పోయినం. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలే. ఖాలా, నేను హీరోయిన్ గౌను చూస్తున్నం. సినిమాల అక్కేమో తనకొచ్చిన ఉత్తరం చదివి, మడిచి పక్కన పెట్టి, చుట్టాలకు నవ్వుకుంట చాయ్ పోసింది. కప్పు అందించి ఆ ఉత్తరం దిక్కు మళ్ల ఒకసారి చూసింది, అంతే.

"పాపం, ఎంత ఏడుస్తున్నదో చూడు" అన్నది అమ్మ.

"ఏడ్చుడేంది అమ్మా? కండ్లల్ల నీళ్లే లేవు గదా!"

"ఇంటి నిండ మనుషులుంటే ఎట్ల ఏడుస్తది బిడ్డా?"

నేను టీవీ వదిలి అమ్మ మొహం చూసిన.

"నాన్న యాదికొస్తున్నడా అమ్మా?"

"అవ్ బిడ్డా" అన్నది. అని, నన్ను దగ్గరికి గుంజుకొని, ఖాలా ముందే గట్టిగ ఏడ్చింది. ఖాలా లేచి టీవీ బంద్ చేసి, వచ్చి మా పక్కన కూసున్నది.